రాగి వాషర్

స్టార్టరు బాగానే తిరుగుతోంది,
బ్యాటరీని తిట్టడానికి లేదు.
పొగగొట్టం మీద అరచెయ్యి పెట్టి చూశాను.
తెల్లపొగ లేదు, నల్లపొగ లేదు,
వట్టి చల్లటి తుమ్ము.
పొగే రాలేదంటే
డీజిల్ లోపలిదాకా పోలేదన్నమాట.

ముందు సిగ్గుపడాల్సినవి చూసుకోవాలి.
ఇంజను ఆపే తీగ లాగి మర్చిపోయానా? లేదు.
ట్యాంకులో విల్లో పుల్ల ముంచితే జానెడు తడి.
కింద కుళాయి తెరిచే ఉంది.

సమష్టి క్షేత్రాన్ని పంచిపెట్టినప్పుడు
ఏడిళ్లకు కలిపి ఇచ్చిన బెలారుస్ ఇది.
ఆరిళ్లవాళ్లు విసిగి వదిలేశారు.
జుమాదిల్ గొర్రెల్ని తోలుకుని
కొండమీది వేసవి మేతలకు పోయాడు, ఫోనందదు.
అందినా ఏమంటాడో తెలుసు:
"నన్నెందుకు, దాన్నే అడుగు."

అడుగుతూనే ఉన్నాను పొద్దుట్నుంచీ.
కోసిన లూసర్న్ గడ్డి మూడు రోజులుగా చేలో పడుంది.
నారిన్ అవతలి గట్టు మీద
మబ్బు చాప పరుస్తోంది.

ఫిల్టరు మీది మర సగం విప్పి
చేతిపంపు నొక్కుతూ కూర్చున్నాను.
నురగ.
గొడ్డు పాలు పితికినట్టు నురగ,
ఎంత నొక్కినా తెగని నురగ.
దీనికి గాలి పట్టింది.
మనకు ఊపిరైంది దీనికి ఉరి.

డీజిల్ బయటికి కారితే మరక చెబుతుంది,
గాలి లోపలికి కారితే ఎవరు చెప్పాలి?
గొట్టాలన్నీ గుడ్డతో తుడిచి
కీలు కీలుకూ గోధుమపిండి అద్దాను,
రొట్టెలకుంచిన పిండే.
టీ తాగి వచ్చేసరికి
అన్నీ తెల్లగా ఉన్నాయి, ఒక్కటి తప్ప.
పంపు పక్క బోల్టు కింద
చిటికెడు పిండి నల్లబడి ముద్దయింది.

రూపాయి బిళ్లంత రాగి వాషర్.
ముప్పై ఏళ్ల బిగింపుకి రాయైపోయింది.
కొత్తది కొనాలంటే పట్నం నలభై కిలోమీటర్లు,
పోవాలంటే ఈ ట్రాక్టరే దిక్కు.

వర్క్‌షాపులో పిలిపెంకో అని ఒక ముసలాయన ఉండేవాడు.
ఇనుముని కాల్చి ముంచితే మొండిదవుతుంది,
రాగిని కాల్చి ముంచితే మెత్తబడుతుంది అనేవాడు,
తాగినప్పుడల్లా అదే మాట.
పేడపిడకల పొయ్యిలో పెట్టాను.
దానిమ్మగింజ రంగు తిరిగాక
పెరుగు గిన్నె కడిగి, నీళ్లు పోసి, అందులో వేశాను.
చుయ్‌మంది.
బూడిదతో తోమి, బల్లచెక్క మీద రాసి,
ఉన్నచోటే బిగించాను.

ఇంజెక్టర్ల నట్లు వదులు చేసి గాలి తియ్యాలంటే
ఇద్దరు కావాలి,
పానా పట్టేవాళ్లొకరు, తాళం తిప్పేవాళ్లొకరు.

కాలవ అవతల శర్షెన్ నిలబడి ఉన్నాడు.
స్టార్టరు మూలుగు పొద్దుట్నుంచీ వింటున్నట్టున్నాడు.
నాలుగేళ్లుగా మాటల్లేవు మా మధ్య.
అతని వంతు నీళ్లు రాత్రిపూట
నా చేలోకి తిప్పుకున్నానని ఎవరో చెప్పారు.
గాలిమాటలని అందరి ముందూ అరిచాను.
నిజానికి తిప్పాను.
ఒక్క రాత్రే.

పిలవలేదు. వచ్చాడు.
బూట్ల మట్టి దులుపుకుని సీటెక్కాడు.
"తిప్పు."
తిప్పాడు.
"ఆపు."
ఆపాడు.
మొదటి నట్టు దగ్గర బుడగలు, తర్వాత చినుకు.
బిగించాను.
"తిప్పు."
మూడోది నా ముఖం మీదికే చిమ్మింది.
పైన నవ్వు వినపడింది,
లేదా దగ్గేమో.

నాలుగోది బిగించకముందే అందుకుంది,
ఒకటి, మూడు, నాలుగు, రెండు,
తెల్లగా దగ్గి, నల్లగా కక్కి
గుడిసె కిటికీలన్నీ వణికిస్తూ.

ఆ మోతలో ఏదో అన్నాడు.
చెయ్యి చెవి దగ్గర పెట్టాను.
"ఎవరి గడ్డి ముందు?"
అతని లూసర్న్ కూడా పడే ఉంది,
నాకంటే ఒకరోజు ముందు కోసింది.
"మబ్బు నీ చేనువైపే ఉంది" అన్నాను.

ఇంకేం అనలేదు.
కాలవ దాటేటప్పుడు మాత్రం
ఇద్దరం నీళ్లవైపు చూడలేదు.
మూడో నట్టు కింద ఇంకా తడిగానే ఉంది,
సాయంత్రం మళ్లీ బిగించాలి.