గోడకు ఏడు చిల్లులు

రిజిస్టర్ పోస్టులో వచ్చింది కాగితం.
గ్రీమ్స్‌పేటలో ఈ మేడమీద పోర్షన్‌కి
ఆయాసపడతా మెట్లెక్కి, సంతకం పెట్టించుకుని పోయినాడు పోస్టాయన.
బబీనాలో మేము ఖాళీ చేసిన క్వార్టర్ లెక్క అది:
కొళాయి ఒకటి, లీకు.
వాష్ బేసిన్ ఒకటి, పగులు.
గోడకు మేకు చిల్లులు, ఏడు.
మొత్తం పదమూడు వందల నలభై రూపాయలు
హవల్దార్ మునిశేఖర్ జీతంలో కోత.

కొళాయి మేము చేరిన దినం నుంచే కారతా ఉండె.
కంప్లైంట్ బుక్కులో పదకొండుసార్లు రాసినా.
మొదట తప్పుల హిందీలో,
తర్వాత తప్పుల్లేని హిందీలో,
ఆఖరున విసుగుపుట్టి తెలుగులో.
అన్నిటికీ ఒకటే జవాబు, ఎర్రసిరా టిక్కు.

ఆ ఇంటికోసం పద్దెనిమిది నెలలు లైన్లో ఉన్నాము.
ఇంట్లో ఉన్నది పద్నాలుగు నెలలు.
అందులో నాలుగు నెలలు వాన.
పడకగది గోడకు చెమ్మెక్కి
మంచాన్ని నడిమధ్యకు లాక్కుని పడుకుంటిమి,
చెరువులో తెప్ప మాదిరి.

నీళ్ళు ముందు సుబేదార్ మేడమ్ గులాబీలకు,
మిగిలితే మాకు.
ఆయన చేతిమీద గీతలు లెక్కబెట్టి
నా కుర్చీ ఏ వరసలో వెయ్యాల్నో తేల్చేవాళ్ళు.
నేనేం కవాతు చేసినాను గనక?

చేసినాలే, ఒకసారి.
ఇల్లు అప్పజెప్పడాన్ని ఆడ మార్చింగ్ అవుట్ అంటారు.
చంకలో యోషిత, చేతిలో చీపురు,
లిస్టు పట్టుకుని స్టోర్ కీపర్ ముందర,
వెనక నేను.
ఫ్యాను ఉందా, ఉంది. గొళ్ళెం ఉందా, ఉంది.
వంగి గోడను వేలితో తడిమినాడు,
నాడి చూసే డాక్టరు గూడా అంత నిదానంగా చూడడు.

ఆయనకు ఫీల్డ్ పోస్టింగ్ పడింది. ఆడికి మేము పోకూడదు.
అందుకే ఐదు నల్ల ట్రంకుపెట్టెలతో చిత్తూరొచ్చినాము.
మూతలమీద తెల్లరంగుతో ఆయన నంబరు, ఆయన పేరు.
లోపల నా చీరలు, పాప గౌన్లు, రోలు, చింతపండు.

"మిలట్రీవోళ్ళా? మంచిదే.
అద్దె తప్పరు, ఎక్కువ దినాలుండరు" అనింది సెల్వమ్మక్క.
బీగం చేతికిస్తా ఇంకో మాట చెప్పింది:
"గోడకు మేకులు మాత్రం కొట్టొద్దమ్మా."
మామిడిగుజ్జు ఫ్యాక్టరీ వాసన కిటికీలోంచి తియ్యగా, పుల్లగా.
దినం మార్చి దినం ట్యాంకరు.
ఈడా కొళాయి కారతా ఉంది.
"అమ్మా, ఈడ ఏ పుస్తకంలో రాయాల?" అంటాది యోషిత.

ఏడు చిల్లులంట.
మావి నాలుగే.
క్యాలెండరుకు ఒకటి, కాణిపాకం వినాయకుడికి ఒకటి,
ఆయన బెల్టుకు ఒకటి.
నాలుగోది ఎందుకు కొట్టినానో జ్ఞాపకం లేదు.
తక్కిన మూడూ మాకంటే ముందున్నామెవరో కొట్టింది.
పళ్ళపేస్టు కూరి, నున్నగా రుద్ది పోయింది.
చేరేనాడు నేను చూడలేదు, స్టోర్ కీపర్ చూడలేదు.
ఎండాకాలం వచ్చేసరికి ఒక్కొక్కటే రాలి
గోడ కండ్లు తెరిచింది.

ఆమెను తిట్టుకున్నా చానా దినాలు.
ఏ ఊరామెనో. అస్సామో, గర్వాలో.
మూడు మేకులకు ఏమి తగిలించుకునిందో.

చిరునామాకు జవాబు రాద్దామని కాగితం తీసినా,
అయ్యా, మూడు చిల్లులు మావి గావు అని.
రెండు లైన్లు రాసి నిలిపేసినా.

ఎందుకంటే ఎనిమిదోది ఒకటుంది.
వంటింటి తలుపు వెనక, మోకాలెత్తులో,
పాప తన బడిసంచి తానే తగిలించుకోవాలని కొట్టింది.
మార్చింగ్ అవుట్ ముందురాత్రి, కరెంటు లేనప్పుడు,
పళ్ళపేస్టు కూరి బొటనవేలితో రుద్దినా.
కనుక్కోలేకపోయినారు.

వచ్చే ఎండలకు రాలతాది అది.
అప్పటికి ఆ ఇంట్లో ఉండే ఆమె,
ఏ ఊరామెనో,
దానికి దుడ్డు కట్టి, తన భాషలో నన్ను తిట్టి,
తన పెట్టెలమీద తెల్లరంగు మళ్ళీ వేయించుకుంటా ఉంటాది.