సువరొట్టి

ఆదివారం తెల్లారి ఐదింటికే
సంతపేటలో దస్తగిరి కత్తి సానకెక్కుతుంది.
ఏడయ్యేసరికి తొడ, చెయ్యి, రొమ్ము
కొక్కేల మీంచి సంచుల్లోకి దిగిపోతాయి.
మిగిలినవి గంపలో కూర్చుంటాయి
పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేక.

అప్పుడొస్తుంది మొగిలమ్మ.
నీళ్ళ బిందె, సున్నం ముంత.
పిల్లోడి చొక్కా తిరగేసినట్టు
పేగుల్ని తిరగేసి కడుగుతుంది.
కూలి డబ్బుల్లో కాదు:
ఇంత కార్జం, సగం బోటి,
పైన, ముదురు వంకాయ రంగులో
నాలుకంత పొడుగు, నాలుకంత మెత్తన,
ఒక సువరొట్టి.

పుస్తకంలో దాని పేరు ప్లీహం.
ఆ పేరుతో అడిగితే దస్తగిరి
నన్ను పెద్దాసుపత్రికి పొమ్మంటాడు.
సరిహద్దు దాటొచ్చిన అరవ మాట ఇది,
గోడకు అంటుకునేదని అర్థం.
గోడల మీది సినిమా కాయితానికీ
అక్కడ ఇదే పేరు.

నేను ల్యాబులో పనిచేస్తాను.
వేలు గుచ్చి, బొట్టు తీసి,
ఎరుపు ఎంతో రాసిపెట్టడం నా కొలువు.
మేడింటి దమయంతమ్మగారికి
ఫ్రిజ్ నిండా ఎముకల్లేని తునకలు,
ఒంట్లో ఏడున్నర.
మొగిలమ్మకు పన్నెండు పాయింట్ ఎనిమిది.
మిషను తప్పేమోనని రెండోసారి గుచ్చాను.
"ఏం పాపా, నా నెత్తురు నీకంత తియ్యగుండాదా?"

ఆ రాత్రి పట్టికలు తెరిచాను.
వంద గ్రాముల కండలో ఇనుము
రెండు మూడు మిల్లీగ్రాముల దగ్గరే
ఆయాసపడి కూలబడితే,
కార్జం ఆరూ ఏడూ దాటింది,
సువరొట్టి నలభై దాకా పాకింది.
రాగి లెక్క అడగొద్దు.
కార్జం చెంబు పోయించుకునేంత దాచుకుంటే
కండ దగ్గర చెవిపోగుకు చాలదు.
మూత్రపిండాల్లో సెలీనియం,
గుండెకాయ ఎప్పట్లాగే మధ్యలో.
న్యాయం చెప్పాలి, జింకు దగ్గర
కండేమీ తక్కువ తినలేదు.
సున్నం మాత్రం ఎవరి దగ్గరా లేదు,
ఉన్నదంతా మొగిలమ్మ ముంతలోనే.

పరుగెత్తేది కండ, పేరు దానిది.
ముసలి నెత్తుటి కణాలను విప్పి
మేకుల్లా ఇనుమును ఏరి
మళ్ళీ ఇల్లు కట్టుకోమని ఇచ్చేది
చీకట్లో పడుండే ఈ ముక్క.

ఉత్సాహం ఆగక చార్టు రాశాను,
ఎర్ర స్కెచ్‌ పెన్నుతో, లావు అక్షరాల్లో.
అడుగున చిన్నగా:
కడుపుతో ఉన్నవాళ్ళు కార్జం
అదేపనిగా తినొద్దు, డాక్టర్నడగండి.
మైదా జిగురు కాచి
దస్తగిరి కొట్టు గోడకి అంటించాను.

మొదటి ఆదివారం
దమయంతమ్మగారు మనిషిని పంపారు.
రెండో ఆదివారం స్కూటర్లొచ్చాయి.
మూడోవారం దస్తగిరి సుద్దముక్క తీసి
కార్జం ధర కండ ధర పక్కన రాసి,
కాసేపు చూసి,
చెరిపేసి, పైన రాశాడు.
సువరొట్టి కావాలంటే
శనివారమే ఫోన్‌ చేసి చెప్పుకోవాలి.
"మేకకు ఒకటే కదమ్మా ఉండేది" అన్నాడు.
నిజమే. మేకకు ఒకటే.

మొగిలమ్మ కూలి నోట్లలోకి మారింది.
ఆ నోట్లు బియ్యమయ్యాయి, గ్యాసయ్యాయి,
ఒకసారి చీటీపాట బాకీ అయ్యాయి.
రాగిసంగటి పక్కన ఊరిబిండి మిగిలింది.
పేగుల్ని మాత్రం అలాగే తిరగేస్తోంది,
అప్పుడప్పుడూ గోడకి ఆనుకుని
ఊపిరి తీసుకుంటూ.

చవితి పండగ దాటాక
కొట్టు ఎదురుగానే మా శిబిరం.
వరసలో నిలబడి వేలు చాపింది.
తొమ్మిది పాయింట్ ఆరు.
ఈసారి మిషను తప్పని అనుకోలేదు,
అయినా రెండోసారి గుచ్చాను.
ఆమె నవ్వలేదు.

ముప్పై మాత్రలిచ్చాను, ఎర్రవి.
కొంగున ముడేసుకుని
రోడ్డవతలికి వేలు చూపించింది,
దూది ఇంకా ఆ వేలికే ఉంది.
"పాపా, ఆ గోడకి నువ్వంటించిందే,
అందరూ నిలబడి చదువుతా ఉండారు.
ఏం రాసుండావు దాంట్లో?"

అలా అంటించినదాన్ని
అరవంలో ఏమంటారో
నాకంటే ఆమెకే బాగా తెలుసు.