వండిన మాట

గుణుపురం కోర్టులో నాకు కుర్చీ లేదు.
సాక్షికీ వకీలుకీ నడుమ నిలబడే మనిషిని.
ఇటు తెలుగు, అటు ఒడియా,
వకీలుకు కోపమొస్తే ఇంగ్లీషు.

ఆ వేళ బోనులో బొమ్మాళి గున్నమ్మ,
హాస్టల్ వంటమనిషి.
పట్టీలో తొంభై మంది పిల్లలు,
ఆమె గరిటె కింద నలభై ఒక్కరు.
మిగతా బియ్యం ఏ లారీ ఎక్కిందో
చూసింది చూసినట్టు చెప్పింది.

సాబత్ వకీలు కళ్ళజోడు తీశాడు.
"యూ హ్యావ్ కుక్డ్ అప్ దిస్ స్టోరీ."

నా నోట్లో మాట ఆగింది.
మనం కథ అల్లుతాం, కడతాం,
తోచకపోతే పుట్టిస్తాం.
వాళ్ళు వండుతారు.
అందులో అప్ అంటే పైకి.
ఏం పైకి? పొంగా, ఆవిరా?
జడ్జిగారు పెన్నుతో బల్ల మీద కొట్టారు.
తొందరలో ఉన్నదున్నట్టు అనేశాను:
"ఇదంతా నువ్వే వండావంటున్నారు."

"నానే వండినాను బాబూ. ఇంకెవులు వండుతారు?"

బంట్రోతు కూడా నవ్వాడు.
"ఒప్పుకుంది, రాసుకోండి" అన్నాడు వకీలు.
టైపు మిషను టకటకలాడింది.
తప్పు నాదని చెప్పడానికి
మూడు భాషలొచ్చిన నాకు
మూడు నిమిషాలు పట్టింది.

మళ్ళీ చెప్పాను, లేని కథ అల్లావంటున్నారమ్మా అని.
గున్నమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది.
"ఆ మాటకి మద్దెన వంటెందుకు తెచ్చినారు?
వండితే మసుంటాది, గంజుంటాది,
తిన్న పిల్లడుంటాడు, పిలిచి అడగండి.
అనుమానమైతే ఒక్క మెతుకు పట్టి సూడండి.
పొయ్యి ముట్టించకుండా తొంబై మందికి వండింది
నాను కాదు బాబూ. అదిగో, ఆ పుస్తకం."

ఇంగ్లీషులో ఖాతాలు కూడా వండుతారని
ఆమెకు తెలీదు.
నాకు తెలుసు. జడ్జిగారికీ తెలుసు.
సాబత్ వకీలు కళ్ళజోడు పెట్టుకున్నాడు.

వాయిదా పడింది.
మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ అడిగింది:
"ఇంగిలీసోలకి వంటంటే అంత అనుమానమేటి?"
మనకు మాత్రం లేదా, అన్నాను,
నీ పప్పులుడకవని అనమూ?

"పప్పు తప్పు కాదది. ఉప్పు ముందే ఏసీసుంటారు.
నా సోట పెట్టిన పిల్లకీ అదే సెప్పినాను,
ఇన్లేదు."

నా చోట, అంది.
పొద్దుటి నుంచి ఇన్ని ప్రశ్నల్లో
ఆ సంగతి
ఏ భాషలోనూ ఎవరూ అడగలేదు,
నేను కూడా.