చొక్కాలకు కాపలా

మా ఊరి గుళ్లో పునీత స్తెఫాను వారికి
ముక్కు కొస లేదు.
నాపరాయి గనిలో మందు పేలిన రోజు
కిటికీలోంచి ఒక పెంకు వచ్చి కొట్టిపోయింది.
ఫాదరు అతికిస్తానంటే మావాళ్లు ఒప్పుకోలేదు.
రాళ్లతో చచ్చిన స్వామికి
ఇంగొకటి తగిల్తే ఏమాయ, అన్నారు.

యర్రగుంట్ల దాటినాక దుమ్ము తెల్లబడితే
అది మా ఊరే.
ఈడ రాయే కూడు, రాయే దగ్గు,
ఇంటికొకడు రాయప్ప.
మా జేజినాయన మాత్రం చిన్నప్ప.
పౌలు వారి పేరని ఉపదేశి పెట్టినాడు.
ఏ పౌలు, అని అడిగితే
స్తెఫానును కొట్టేవాళ్ల బట్టలకు
కాపలా ఉన్న పిల్లోడు, అనేవాడు.
ఆ తర్వాతి కథ
ఎప్పుడూ చెప్పలేదు.

మంచాన పడినాక ఒక రాత్రి చెప్పినాడు.
పద్నాలుగేళ్లప్పుడంట.
బండకు అర్ధణా పెంచమన్న ఇన్నాసిని
గుంతలోకి దింపినారు.
పైన ఐదుగురు చొక్కాలిప్పి
ఈ పిల్లోని చేతికిచ్చినారు.
చెమట, బీడీ వాసన.
ఒక జేబులో బెల్లం ముక్క ఉన్నింది.
"తిన్న్యా. వాళ్లు కొడతాంటే."

బండ జారిందని రాసుకొని పోయినారు పోలీసులు.
"స్తెఫాను వారు వేదసాక్షి.
నేను ఉత్త సాక్షి," అని
గోడ పక్కకు తిరిగి పండుకున్నాడు.

క్రిస్మస్ మరుసటి రోజు, స్వామి పండగ.
ఊరంతా కూర తిని నిద్రపోతాంటే
ఏటా ఒక రాయి, జానెడు,
నాలుగంచులూ ఉలితో తీసి
స్వామి పాదాల కాడ పెట్టేవాడు జేజినాయన.
ఆదివారానికి అది ఉండేది కాదు.
స్వామే తీసుకుంటాడనుకునేదాన్ని చిన్నప్పుడు.

ఆయన్ను మట్టి చేసినరోజు
ఇన్నాసి పెండ్లాము సవేరమ్మ రాలేదు.
నేనే పోయినా.
మేకలకు తుమ్మకాయలు రాలుస్తాంది ముసలామె.
దొడ్డిగోడ నాలుగు వరసలు.
ఆ అంచులు నాకు తెలుసు.
అరవై దాకా లెక్కబెట్టి తప్పినా.
పై వరసలో ఒక రాయి సందు,
దానికి కంప అడ్డం.

"మాట్లాడుకున్న్యారా ఎప్పుడన్నా?"
చాలాసేపు ఏమీ అనలేదు.
మేకపిల్ల గోడెక్కి నన్ను చూసింది.
"అంచు బాగా తీస్తాండె," అనింది సవేరమ్మ.

ఈ ఏడు పండగపూట
గనికి నేను పోయినా.
పాలిష్ ఫ్యాక్టరీలో బండలకు
నెంబర్లు రాసే చెయ్యి నాది.
రాయి వంకరగా తెగింది.
అట్లే పెట్టి వచ్చేసినా.

ఆదివారం పూజకు పోతే
రాయి ఆడనే ఉంది.
పక్కన తల చిట్లిన ఉలి ఒకటి,
తుప్పు తుడిచి, నూనె రాసి.
జేజినాయనది కాదది.

పూజ గంట కొట్టినారు.
నేను మెట్ల మీదనే కూచున్నా
రాయి ఒళ్లో పెట్టుకొని,
అంచు తీస్తా.