నీలగిరి చెట్టుకు చుట్టమొచ్చిన రోజు

ఆత్మకూరు దాటాక చెక్‌పోస్టులో
గార్డు మహబూబ్ బాషా రిజిస్టరు తెరిచి రాసుకున్నాడు:
ఆస్ట్రేలియా మనుషులు నలుగురు,
దుబాసి టీచరు ఒకరు.
'వచ్చిన పని' గడి దగ్గర పెన్ను కాసేపు ఆపి
'పండగ' అని.

మావిస్‌కు డెబ్బై దాటాయి.
గూడెం ముందు జీపు దిగిందే తడవు
మా పూలదండల్ని తప్పించుకుని
రోడ్డవతలి నీలగిరి తోటలోకి పోయింది.
ఆకు తుంచి, నలిపి, ముక్కుకానించుకుని
మానును తట్టింది,
బడి నుంచి ఆలస్యంగా వచ్చిన మనవణ్ణి తట్టినట్టు.

ఉడతనూరి ఈరమ్మ అంతా చూస్తా నిలబడి అనింది:
"చెప్పుమే ఆయమ్మకు.
ఈ చెట్టు మా నీళ్ళన్నీ తాగిండాది.
దీని కింద గడ్డ ఊరదు,
పుట్టగొడుగు లేవదు, పిట్ట గుడ్డు పెట్టదు."

అతిథి కదా అని సగం మింగి
"ఇక్కడ ఈ చెట్లు చాలా ఉన్నాయంటోంది" అన్నాను.
మావిస్ ఈరమ్మ మొహం చూసింది.
"అంత చిన్న మాటకు అంత పెద్ద మొహం ఉండదు."
అప్పుడు చెప్పాను, మొత్తం.

చాలాసేపు వరసలకేసి చూసి మెల్లగా అంది:
"మా దగ్గర ఇది ఇట్లా నిలబడదు.
తోబుట్టువులుంటాయి. తినే జీవముంటుంది.
ఏళ్ళకోసారి నిప్పు వచ్చి పలకరించి పోతుంది.
దీన్నెవరో ఒంటరిగా ఎత్తుకొచ్చి లైన్లో నిలబెట్టారు,
మా అమ్మను హాస్టల్లో నిలబెట్టినట్టు."

"అట్లనా" అనింది ఈరమ్మ.
చెయ్యి కొంగుకు తుడుచుకుని
ముప్పై ఏళ్ళ పగను
మొదటిసారి ముట్టింది.

పులుల అడవిలో పొగ పెట్టేది లేదన్నాడు బాషా.
బడి ముంగిట్లో అయితే సరేనని
సిమెంటు కలిపే బాండ్లీ తనే తెచ్చిచ్చాడు.
పచ్చాకు పొగలోకి పిల్లలు దూరారు,
దగ్గి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ దూరారు.
ఎవర్నీ అడక్కుండా ఈరమ్మ
గుప్పెడు గుగ్గిలం దాంట్లో పడేసింది.
మావిస్ కళ్ళు మూసుకుని పీల్చి తలూపింది.
అది నేను తర్జుమా చెయ్యలేదు.

చిక్కంతా వరసల దగ్గరొచ్చింది.
బయన్న తన వాళ్ళను చూపిస్తున్నాడు:
అమ్మ, పెద్దమ్మ, చిన్నమ్మ, ఇంకో చిన్నమ్మ.
నేను: అమ్మ, ఆంటీ, ఆంటీ, ఆంటీ.
మావిస్ అడ్డుపడింది:
"వాడు నాలుగుసార్లూ అమ్మ అన్నాడు. నాకు వినపడింది.
మాకూ అంతే, అమ్మ చెల్లెలు అమ్మే."
అటు నలుగురు తల్లులు, ఇటు నలుగురు తల్లులు.
నడుమ నా ఇంగ్లీషులో ఒక్కతే,
చుట్టూ ముగ్గురు పరాయివాళ్ళు.
పదహారేళ్ళుగా పిల్లలకు నేర్పుతున్నది ఇదా!

మధ్యాహ్నం గోడ దగ్గర చేరాం.
నోట్లో జాజు నీళ్ళు పట్టి
ఆనించిన చేతి మీదికి ఊదడం.
మావిస్ మనవరాలు కైలీ ఒక్కసారి చూపింది, అంతే,
ముప్పై నోళ్ళు ఎర్రగా పేలాయి.
హెడ్‌మాస్టరు చొక్కా పోయింది.
ఎక్కాల పట్టిక మీదా, మధ్యాహ్న భోజనం మెనూ మీదా
చేతులు, చేతులు.
కుడుముల లింగన్న తాత చెయ్యి తీశాక
గోడ మీద మూడు వేళ్ళే మిగిలాయి.
"తాతా, గోడ మీదన్నా ఐదూ ఏసుకోరాదా!"
"వద్దురా. ఎలుగ్గొడ్డు వాటా ఎలుగ్గొడ్డుదే."

నన్నూ పిలిచారు.
నేను మాటకొచ్చిన మనిషిని, చేతికి కాదు, అన్నాను.
బయన్న నా మణికట్టు పట్టుకుని
గోడకు ఒత్తి, బుగ్గలు పూరించి...

సాయంత్రం కర్నూలు బస్సులో
కండక్టరు నోటు తీసుకుంటా నా వేళ్ళు చూసి
"హోలీ ఇంకా రాలేదే మేడం, యాడ ఆడొస్తివి?" అన్నాడు.
పొద్దుటి నుంచి అందరి మాటలూ మోసినదాన్ని,
నా మాట ఒక్కటీ దొరకలేదు.
పళ్ళ సందున ఇంకా మట్టి కరకరమంటోంది.
చిల్లర కూడా అడగలేదు.