మొలల గోడ

అర్బాబు పాత పజేరో అమ్మేసిండు.
కల్బాల ఇంటెనక షెడ్డు ఖాళీ అయింది.
"నీదే, ఏమన్న చేసుకో" అన్నడు
ఫోన్ల మాట్లాడుకుంటనే, చెయ్యి ఊపి.
ఆ చెయ్యూపుడుకు అర్థం
రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్న.

మొదలు ఊడ్చుడు. రెండు రోజులు ఊడ్చిన.
చక్రం లేని పిల్లగాని సైకిలు,
ఎండిన ఖర్జూరపు మట్టలు,
మూడు టెంటు గుంజలు, ఒక చచ్చిన బల్లి.
పజేరో కార్చిపోయిన నూనె మరక మాత్రం పోలే.
ఉండనిచ్చిన.
పద్దెనిమిది అడుగుల పొడుగు, పది వెడల్పు.
టేపు పెట్టి కొలిచి, నమ్మక, మళ్ల కొలిచిన.

అజ్మాన్ క్యాంపుల పదకొండేండ్లు
నా వంతుకు వచ్చింది ఒక్క మొల.
పై మంచం, తలకాడ.
దాని మీదనే అంగీ, దాని మీదనే తువ్వాల,
పాస్‌పోర్టు జిరాక్సు పెట్టుకున్న కవరు,
వెల్గటూరు పోచెట్టి బిడ్డ పుట్టిందని పంచిన
మిఠాయి తాలూకు ఖాళీ సంచి.
ఇంకో మొల కొడితే గోడ ఖరాబైతదని
క్యాంపు బాసు యాభై దిర్హాములు కోసేటోడు.
సెంట్రింగు కార్పెంటర్ని,
పగలంత కంపెనీ మొలలు వేలకు వేలు దిగ్గొట్టి
రాత్రి ఒక్కటి కొట్టనీకి జంకేటోన్ని.

ఇప్పుడు ఈ గోడ.
ఎవలో పారేసిన సెంట్రింగు ప్లైవుడ్డే
సిమెంటు గీకి, రేగుమాలు కొట్టి బిగించిన.
మొదటి మొల కొట్టి తలుపు దిక్కు చూసిన,
ఎవలన్న వస్తరేమోనని.
ఎవలు రాలే.
రెండోది కొట్టిన.
నలభై ఒకటి దాంక లెక్కపెట్టి ఇడిసిపెట్టిన.

బల్ల నా మణికట్టు ఎత్తు.
ఎత్తైతే భుజం గుంజుతది, పొట్టిదైతే నడుము.
దాని అంచుకు వైసు,
ఫుజైరా తుక్కు బజార్ల బేరమాడిన ముసలి ఇనుము.
వీసా నన్ను పట్టుకుంటది,
వైసు నాకోసం పట్టుకుంటది.
అంతే ఫరకు.

వంట చేసే రాయచోటి ఖాసింబీ
చీజు సీసాలు కడిగి దాచి ఇచ్చింది.
మూతలను అల్మార కిందికి స్క్రూలతోటి బిగించి
సీసాలను తిప్పి ఎక్కిచ్చిన.
గబ్బిలాల లెక్క తలకిందులు వేలాడుతున్నయి
వాచర్లు, నట్లు, అరంగుళం మొలలు.
ఒక సీసాకు మాత్రం
ఎంత కడిగినా పాల వాసనే.

సముద్రపు గాలి ఇనుమును ఊకెనే ఉండనియ్యది.
ఆగస్టుల పొద్దుగాల లేచి చూస్తే
ఉలి మీద జంగు, పసుపు పూసినట్టు.
కుట్టుమిషను నూనె, పాత బనీను ముక్క.
జుమ్మా నాడు అందరు నమాజుకు పోయినంక
ఒక్కొక్కటి దించి తుడుస్త.
గంటన్నర పడుతది.
వచ్చే శుక్రారానికి మళ్ల మొదలు.

ఏ సామాను ఎక్కడిదో
పెన్సిల్‌తోటి చుట్టూ గీసిన.
సుత్తె కింద సుత్తె నీడ, జంబూరు కింద జంబూరు నీడ.
పది నంబరు పానా జాగల
నీడ ఒక్కటే ఉన్నది.
పక్కింటి డ్రైవరు గుల్ జరీన్
రేడియేటరు క్లిప్పు బిగించాలని తీస్కపోయిండు.
తెల్లారి ఆయన వీసా క్యాన్సిలు.
పెషావరు దిక్కు ఏ బండి కింద పనిచేస్తుందో,
ఎయిర్‌పోర్టుల గుంజుకున్నరో.
ఇంకోటి కొన్న, పన్నెండు దిర్హాములు.
ఆ జాగల తగిలియ్యలే.
పక్కన వేరే మొల కొట్టిన.

నిన్న అర్బాబు తల్లి
చక్రాల కుర్చీ కిర్రుమంటుందని
ఖాసింబీతోటి తోయించుకుంట వచ్చింది.
రెండు చుక్కల నూనె. కిర్రు ఆగింది.
అయినా పోదు. గోడ దిక్కే చూస్తుంది.
గోరింటాకు వేలు ఎత్తి
ఖాళీ గీతను చూపిచ్చి "హాదా వీన్?" అన్నది.
"ఛుట్టీ పోయింది, మామా" అన్న.

ముసలామె నవ్వలే.
"ఎన్ని నెలలు?" అని అడిగింది.