గుండె పట్టే గిన్నె

ఇక్కడ బేరిపళ్లను కొయ్యరు.
అవే రాలాలి.
రాలినవాటిని, గడ్డి మీది మంచు ఆరకముందే,
మోకాళ్లకు గోనె చుట్టుకుని పాకుతూ ఏరాలి.
పొరపాటున కొరికితే నాలుక తోలుముక్క అయిపోతుంది,
అంత ఒగరు.
పందులు సైతం మూతి ఆనించి తిరిగిపోతాయి.
"తినడానికా ఇవి?" అంటాడు గెబ్‌హార్ట్,
"మనం ఎంతసేపు ఆగగలమో చూడ్డానికి పుట్టాయి."

తోటలో చెట్లు రెండు వందల ముప్పై ఆరు.
లెక్క పశువులకొట్టం తలుపు వెనక సుద్దతో ఉంటుంది.
ఏ గాలివానకో ఒకటి కూలితే
అంకె చెరిపి, కొత్తది రాసి,
ఆ పూట ఎవరితోనూ మాట్లాడడు.

నేను మరమురేష్ నుంచి బస్సులో వస్తాను,
ఒక పగలు, ఒక రాత్రి, ఇంకో పూట.
ఇది తొమ్మిదో ఏడు.
సఫ్తా నా పేరు. వాళ్ల భాషలో
రసాన్ని దాదాపు అలాగే అంటారు.
మొదటి ఏడు పిల్లలందరూ నవ్వారు.

బట్టీకి సుంకాల ఆఫీసు వేసిన సీసపు ముద్ర.
అది విప్పిన క్షణం నుంచి
కాగితం మీద రాసిచ్చినన్ని గంటలే మంట.
అందుకే ఎవరికీ నిద్ర లేదు.
బీచ్ కట్టెలు నేను వేస్తాను.
రాగి కుండకీ మూతకీ మధ్య సందుల్లో
రై పిండి ముద్ద మెత్తుతాను, మా నాయనమ్మ మెత్తినట్టే,
బొటనవేలి గుర్తులు వరసగా పడేలా.
మూడు వారాలు పీపాల్లో గొణిగిన గుజ్జు
కుండలో పోసేసరికి నోరు మూసుకుంటుంది.

ఆ తర్వాత, దారం లావున ధార.

మొదట వచ్చేది తల. విషం. గోళ్లరంగు వాసన.
చివర వచ్చేది తోక. తడిసిన కుక్క, పాత గుడ్డ.
మధ్యలోది గుండె.
తల ఎక్కడ తెగి గుండె మొదలవుతుందో
చెప్పేది ముక్కు ఒక్కటే.
ఈ లోయలో ఆ ముక్కు గెబ్‌హార్ట్‌ది.
పక్క ఊళ్లవాళ్లు పెళ్లికి పిలిచినట్టు
బండి పంపి పిలుచుకెళ్లేవారు.

మొన్న వంటింట్లో పాలు పొంగి, మాడి,
పొగ దూలాల దాకా లేచింది.
ఆయన పొయ్యికి వీపు పెట్టి కూర్చుని
కత్తికి పదును పెట్టుకుంటున్నాడు. తల తిప్పలేదు.
నేను గిన్నె దించాను. కిటికీ తెరిచాను.
చలి తగిలాక నావైపు చూశాడు.
కిందటి చలికాలపు జ్వరం ఏం పట్టుకుపోయిందో
నాకు తెలిసిందని ఆయనకి తెలిసింది.
ఇద్దరం ఏమీ అనలేదు.

ఇవాళ ధార కింద అరచెయ్యి పెట్టాడు.
చేతులు రుద్దుకున్నాడు, దోసిట్లో ముఖం పెట్టాడు,
మూసిన తలుపుకి చెవి ఆనించినవాడిలా.
మేనల్లుడు కొర్బీనియన్ గాజుగొట్టంలో అంకె చదివాడు.
తలకీ గుండెకీ తేడా అంకెకేం తెలుసు.
"ఇప్పుడా, మామా?"
ఆయన దోసిలి తియ్యలేదు.

నా ముక్కుకి ఇంకా గోళ్లరంగే.
ఒక కట్టె వెనక్కి లాగాను. ఆగాను.
అప్పుడు సన్నగా, ఎక్కణ్ణుంచో,
బేరి తొక్క. దాని వెనకే తేనెపట్టు మైనం.
చెక్కబూటుతో గిన్నెని అంగుళం తోశాను.
నేల రాతి మీద అది కర్రుమంది.
"ఇప్పుడే!" అన్నాడు గెబ్‌హార్ట్, నిటారుగా లేచి,
అవసరమైనదానికన్నా గట్టిగా.
కొర్బీనియన్ గిన్నె మార్చాడు.

తోక దగ్గర దగ్గాను.

తెల్లారి, ముద్ర వేసే మనిషి రాకముందు,
గుండెలోంచి మొదటి గుక్క ఇంటి పెద్దది. ఆనవాయితీ.
గ్లాసు నా చేతికిచ్చాడు.
"చెప్పు," అన్నాడు.
బాగుందా అని అడగలేదు.

నాకొచ్చిన జర్మన్
బుట్టలకీ నిచ్చెనలకీ కూలికీ సరిపోతుంది.
తొక్క అన్నాను. మైనం అన్నాను.
వాన వెలిసిన రాయి అనబోయాను, సరిగ్గా రాలేదు.
మిగతాది మా భాషలోనే చెప్పాను:
కొండ మీంచి మందలు దిగొచ్చే రోజు,
మా నాయనమ్మ తలగుడ్డ ముడి విప్పినప్పటి వాసన,
ఇంకా, పేరు లేనిది ఒకటి.

ఒక్క ముక్క అర్థం కాకపోయినా
కళ్లు మూసుకుని విన్నాడు.
"ఇంకోసారి," అన్నాడు.
"మొదట్నుంచీ. మెల్లగా."